తొమ్మిదేళ్ల బాస్ పెట్టె, ఏడేళ్ల ఫోము అంచు

నా బాస్ గిటారు పెట్టెలోని స్పీకరుకు వాట్లు ఎన్ని, ఓములు ఎన్ని, అయస్కాంతం బరువెంత అన్నవి ఇక్కడ రాయను. అవి అట్టపెట్టె మీదే ఉంటాయి. నేను రాయబోయేది ముందుకూ వెనక్కూ ఊగి మోత పుట్టించే స్పీకరు కోనును ఇనప చట్రానికి కలుపుతూ చుట్టూ ఉండే బొటనవేలంత వెడల్పు ఫోము పట్టీ గురించి. దాని మీద నా కోపం రెండేళ్లయినా చల్లారలేదు. అంత కోపంలోనూ మళ్లీ అదే ఫోము తెచ్చి అతికించుకున్న మనిషిని నేను. ఆ సంగతి తెలిసే ఈ సమీక్ష చదవండి.

నేను ఒంగోలులో ఉంటాను. పగలు చీమకుర్తిలో ఒక గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాస్తాను. ఆదివారం మా వీధి చివరి చర్చిలో, చవితికి వినాయకుడి పందిట్లో, ఎవరైనా పిలిస్తే పెళ్లి ఆర్కెస్ట్రాలో నాలుగు తీగల బాస్ గిటారు వాయిస్తాను. డబ్బు కోసం కాదు. ఇచ్చే డబ్బు పెట్టె మోసిన ఆటోకే చాలదు. 2016లో మంచి బాస్ పెట్టె కొనే స్తోమత లేక సొంతంగా చేసుకున్నది ఇది: 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, లోపల సుమారు 60 లీటర్ల గాలి, ముందు పన్నెండంగుళాల స్పీకరు, దాని కింద మురుగునీటికి వాడే నాలుగంగుళాల పీవీసీ గొట్టం ముక్క. వడ్రంగి మేస్త్రీ అంతా బిగించాక, "ఇంతకీ దీనికి తలుపు ఎక్కడ సార్?" అని అడిగాడు.

ఆ గొట్టం గురించి అప్పట్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, ఇప్పుడూ కొంచెం చెబుతాను. 1961లో ఆస్ట్రేలియాలో థీల్ అనే ఇంజినీరు, 1970ల మొదట్లో స్మాల్ అనే ఆయన కట్టిన లెక్కల పుణ్యమా అని, స్పీకరుతో వచ్చే కాగితంలోని మూడు నాలుగు అంకెలు పట్టుకుని మనలాంటివాళ్లం కూడా ఇంట్లో పెట్టె కొలతలు వేసుకోగలుగుతున్నాం. నా లెక్కకు గొట్టం 19 సెంటీమీటర్లు ఉంటే పెట్టె 40 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 40 ఊపుల లోతైన స్వరానికి, శ్రుతి అవుతుంది. బాస్‌లో అన్నిటికంటే లావుపాటి ఇ (E) తీగ 41 హెర్ట్జ్. మొదటిసారి ఆ తీగను వేలు నొక్కకుండా మీటినప్పుడు నేను విన్నది తక్కువ, కాళ్ల కింద గచ్చుకు తెలిసింది ఎక్కువ. దాని పక్కనున్న ఎ (A) తీగ, 55 హెర్ట్జ్, మీటితే వంటింట్లో స్టాండులోని స్టీలు కంచాలు వణికేవి. "నువ్వు వాయించేది నాకు అర్థం కాదు గానీ నాయనా, కంచాలకు బాగా అర్థమవుతోంది" అనేది అమ్మ. పెట్టె అదురుకు పక్కకు జరగకుండా పైన చీమకుర్తి నల్లరాయి ముక్క ఒకటి పెట్టాను. బంగారు చుక్కల బ్లాక్ గెలాక్సీ. విదేశాల్లో వంటింటి గట్లకు వేసుకునే రాయి మా ఇంట్లో స్పీకరు మీద బరువు.

ఆ మెత్తని, లోతైన మోతకు కారణం గొట్టం ఒక్కటే కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. సగం ఘనత ఫోముదే. అది తేలిక, మెత్తన. కోనుకు బరువు పెంచదు, కదలికకు అడ్డుపడదు. అందుకే ఇంట్లో పాటలు వినే స్పీకర్లకు అది బాగా నప్పింది. చెన్నై రిచీ స్ట్రీట్‌లో నాకు దీన్ని అమ్మిన అబ్బాయి, "ఇది ఇంట్లో పాటలు వినడానికి సార్, వాయించడానికి కాదు" అని చెప్పాడు కూడా. వాయించేవాళ్ల పెట్టెల్లో సాధారణంగా కుచ్చులు పెట్టిన గుడ్డ అంచు ఉంటుందని చూపించాడు. నేను రెండూ వేలితో నొక్కి చూసి, మెత్తగా ఉన్నదే మంచిదనుకున్నాను. దిండు కొనేవాడి తెలివి.

ఇక అసలు కథ. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు పెద్ద వానలు ఆషాఢ శ్రావణాల్లో కంటే ఆశ్వయుజ కార్తీకాల్లోనే. ఆ ఏడు అవి తుపానుతో కలిసి వచ్చాయి. ఇంట్లో తలుపులు ఉబ్బి మూసుకోలేదు, డబ్బాలోని అప్పడాలు మెత్తబడ్డాయి. పెట్టె మాత్రం చెక్కు చెదరలేదు. ప్లైవుడ్డుకు వేయించిన మూడు పూతల వార్నిషు గురించి గర్వపడుతూ 24వ తేదీ రాత్రి దాన్ని చర్చికి తీసుకెళ్లాను.

మొదటి రెండు కీర్తనలు బాగానే జరిగాయి. మూడోది ఇ తీగ మీద నిలబడే పాట. మొదటి మీటుకే పెట్టెలోంచి గర్రుమని శబ్దం, రేకుల షెడ్డు మీద ఎవరో గొలుసు లాగినట్టు. ముందు తీగను అనుమానించాను, గిటారు మెడ మీది లోహపు గట్టుకు (ఫ్రెట్టుకు) తగులుతోందేమోనని. కాదు. తీగ వదిలేసి మరో తీగ మీద అదే స్వరం ఒక స్థాయి పైన వాయిస్తే శబ్దం తగ్గింది. యాంప్లిఫయరు అనుకుని బాస్ గుండీ తగ్గించాను. తగ్గించేకొద్దీ గర్రుమనడం తగ్గింది గానీ నేనూ వినపడటం మానేశాను. డ్రమ్స్ వాయించే కుర్రాడు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. మిగతా ఆరాధన అంతా పై రెండు తీగల మీద, తప్పు చేసినవాడిలా నెమ్మదిగా వాయించి ఇంటికొచ్చాను.

ఇంట్లో ముందు గుడ్డ జాలీ తీసి, గొట్టం వదులైందేమోనని ఊపి చూశాను. గట్టిగానే ఉంది. తర్వాత కోను అంచు మీద బొటనవేలు పెట్టాను. వేలు లోపలికి దిగిపోయింది. ఫోము తడిసిన బెల్లంలా వేలికి అంటుకుని వచ్చింది. చుట్టూ మూడొంతులు అలాగే ఉంది, కళ్లకు మాత్రం నిండుగా, నల్లగా, కొత్తదానిలా. నాకు మండింది అక్కడే. చెక్క చీలితే కనిపిస్తుంది, తీగ తుప్పు పడితే కనిపిస్తుంది. ఇది ఏడేళ్లు ముద్దుగా ఉండి, నలుగురిలో నిలబెట్టి చేయి వదిలేసింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఆ ఫోము పాలీయూరితేన్. గాలిలోని తేమ దాని అణువుల బంధాలను మెల్లగా తెంచుతుంది, ఎండ తగిలితే ఇంకా త్వరగా. అటక మీద ఏళ్ల తరబడి దాచిన బూట్లు ఒకరోజు తొడుక్కుంటే అడుగు పొడిపొడిగా రాలిపోవడం చూసే ఉంటారు. చాలాసార్లు అదీ ఇదే రోగం. వాడినా వాడకపోయినా దాని వయసు దానిదే. కొత్తపట్నం వైపు నుంచి సాయంత్రం సముద్రపు గాలి వచ్చే కిటికీకి ఎదురుగా దాన్ని ఏడేళ్లు పెట్టింది నేనే. శనివారం ఇల్లు తుడిచేటప్పుడు అమ్మ తడిగుడ్డతో స్పీకరును కూడా శుభ్రం చేసేదని అప్పుడే తెలిసింది. అమ్మను ఏమంటాం?

ఊళ్లో గుడి మైకుల కోన్లు మార్చే పెద్దాయన దగ్గరికి తీసుకెళితే చూసి నవ్వాడు. "కాయిలు బాగుంది, కోను బాగుంది. పట్టీ తెప్పించుకో బాబూ, నువ్వే అతికించుకోగలవు" అన్నాడు. తెప్పించాను. పన్నెండంగుళాలంటే అన్నీ ఒకటే అనుకున్నాను. కోను అంచు కొలత వేరు, చట్రం లోపలి కొలత వేరు. వచ్చింది ఎనిమిది మిల్లీమీటర్లు తేడా. అమ్మినవాడు వెనక్కి తీసుకోలేదు. ఆ ఆరు వందలు ఇప్పటికీ నా అలమరాలో ఉన్నాయి, గుండ్రంగా.

రెండోది సరిపోయింది. పాత జిగురు గీకడానికే ఒక ఆదివారం పోయింది. కోను మధ్యలోని దుమ్ము మూతను (డస్ట్ క్యాపును) బ్లేడుతో కోసి తీసి, కోను వెనక ఉండే తీగచుట్ట కాయిలుకీ లోపలి ఇనుముకీ మధ్య సందులో నాలుగు పక్కలా పలచటి పట్టీలు దోపాలి. అప్పుడే కోను సరిగ్గా మధ్యలో నిలుస్తుంది. పట్టీల కోసం అమ్మ పాత మోకాలి ఎక్స్‌రే కత్తిరించాను. తెల్ల జిగురు రాసి, చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి ఒక రోజంతా ఆరనిచ్చి, పట్టీలు లాగేసి, టార్చిలైటు సెల్లు స్పీకరు వైర్లకు తగిలించాను. కోను ఎక్కడా రాసుకోకుండా ముందుకు దూకింది. తొమ్మిదేళ్లలో ఈ పెట్టె నాకిచ్చిన అతిపెద్ద ఆనందం అదే. ఆ రోజు మోగిన ఇ తీగ కొన్ననాటి మోతే.

గొట్టం గురించి పైన చెప్పిన గొప్పలో కొంత వెనక్కి తీసుకోవాలి. గొట్టం శ్రుతి కంటే కింది స్వరాలు వచ్చినప్పుడు పెట్టెలోని గాలి కోనుకు అడ్డు నిలవదు, గొట్టంలోంచి జారిపోతుంది. కోను పట్టు తప్పి ఊగుతుంది. 2022లో మా మేనల్లుడు ఐదు తీగల బాస్ తెచ్చి రెండు నెలలు దీని మీదే సాధన చేశాడు. ఐదో తీగ 31 హెర్ట్జ్. కోను అంగుళం ఊగుతుంటే ఇద్దరం ముచ్చటపడి చూశాం. తేమకు మెత్తబడుతున్న ఫోముకు ఆ ఊపు ఎంత చేటు చేసిందో! కింది స్వరాలను కోసేసే ఫిల్టరు ఒకటి ముందే పెట్టి ఉండాల్సింది. ఇప్పుడు పెట్టాను. కాబట్టి తప్పంతా ఫోముది అనలేను. అనాలని మాత్రం ఉంటుంది.

నిరుడు చర్చి కోసం గుడ్డ అంచు స్పీకరుతో ఇంకో చిన్న పెట్టె చేశాను. మోత ఎక్కువ, నిబ్బరం ఎక్కువ, వానకు బెదరదు. 41 మాత్రం దాని వల్ల కాదు. నిజానికి బాస్ ఇ తీగలో బలమంతా ఎక్కువగా దాని రెట్టింపు 82 దగ్గరే ఉంటుంది. ఆ 82 గట్టిగా వినిపిస్తే మిగతాది చెవి ఊహించుకుంటుంది. డ్రమ్స్ మధ్య ఎవరికీ ఏ లోటూ తెలియలేదు. రాత్రి ఇంట్లో ఒక్కడినే వాయించేటప్పుడు నాకు తెలుస్తుంది.

మీరు రాయలసీమలోని మదనపల్లె లాంటి పొడి చోట ఉండి, పెట్టెను ఇల్లు దాటించకపోతే ఫోము తీసుకోండి, ఏడేళ్ల కంటే చాలా ఎక్కువే రావచ్చు. తీరం పక్కన ఉండి, ఊరూరా తిప్పి వాయించేవాళ్లయితే, ఎక్స్‌రే కత్తిరించే ఓపిక లేకపోతే, గుడ్డ అంచే నయం. నాకు రెండూ ఉన్నాయి కాబట్టి నా మాట పూర్తిగా పట్టించుకోకండి. పాత పెట్టె ఇప్పుడు కిటికీకి దూరంగా, లోపలి గదిలో, దుప్పటి కప్పుకుని ఉంటుంది. నెల మొదటి ఆదివారం దుప్పటి తీసి అంచును బొటనవేలితో చుట్టూ నొక్కి చూస్తాను. ఈ కార్తీకంలో కిందివైపు ఒకచోట వేలికి కొద్దిగా జిగటగా తగిలింది. తడిగుడ్డ ఎవరు పెట్టారని ఇంట్లో అడిగాను. ఎవరూ పెట్టలేదట.