రీబిల్ట్ సీవీ జాయింట్లు, యాక్సిల్ స్పేసర్లు కొనేవారికి హెచ్చరిక

పోర్షె 944 వంటి పాత కార్లను క్లబ్ రేసుల్లో నడుపుతున్న మిత్రులు, ముఖ్యంగా అమెరికాలో ఉంటూ విడిభాగాలను ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు, ఈ విషయం గమనించగలరు. ‘పూర్తిగా రీబిల్ట్ చేసినవి, రేసుకు సిద్ధం’ అన్న ప్రకటన చూసి, ఒక అమ్మకందారు నుంచి డ్రైవ్ షాఫ్టుల జతను, దానితోపాటు ఇచ్చే స్పేసర్ల (మధ్యలో పెట్టే లోహపు రింగుల) కిట్టును కొన్నాను. డ్రైవ్ షాఫ్టులంటే ఇంజిను బలాన్ని చక్రాలకు చేర్చే ఇరుసులు; వాటి చివర్లలో, కోణం మారినా సాఫీగా తిరిగే కీళ్లే సీవీ జాయింట్లు.

పైకి చూస్తే ఏ లోపమూ లేదు: తాజా నల్లరంగు, జాయింట్లను కప్పే కొత్త రబ్బరు బూట్లు, మెరిసే క్లాంపులు. బండికి బిగించే ముందు ఒక బూటు విప్పి, గ్రీజు తుడిచి, జాయింటును శుభ్రంగా కడిగి చూస్తే, ఉక్కు గుండ్లు దొర్లే గాడుల్లో గోరుకు తగిలేంత గుంటలు బయటపడ్డాయి. పైగా ఆ అరుగుదల గాడికి రెండు ముఖాల మీదా ఉంది. కారు ముందుకు లాగేటప్పుడు బలమంతా గాడిలో ఒకే ముఖం మీద పడుతుంది కాబట్టి, అది అరిగాక ఎడమ షాఫ్టును కుడివైపుకు, కుడి షాఫ్టును ఎడమవైపుకు మార్చి మరికొంత కాలం వాడుకోవడం రేసర్లకు అలవాటే. అందులో తప్పు లేదు. రెండు ముఖాలూ అరిగిన జాయింటుకు మాత్రం కొత్త గ్రీజు నింపి రీబిల్ట్ అని అమ్మడం మోసమే.

స్పేసర్ల సంగతి ఇంతకంటే ప్రమాదకరం. రేసు కారు ఎత్తు తగ్గించి, గట్టి స్ప్రింగులతో నడుస్తుంది కనుక గుండ్లు గాడిలో ఎప్పుడూ దాదాపు ఒకేచోట తిరిగి ఆ చోటునే తినేస్తాయి. జాయింటును బిగించే పళ్లెం లాంటి ఫ్లాంజికీ జాయింటుకూ మధ్య స్పేసర్ పెడితే గుండ్లు అరగని చోటుకు జరుగుతాయి. అయితే స్పేసర్ ఎంత మందమో బోల్టు అంత పొడవు పెరగాలి. ఈ కిట్టులో వచ్చినవి మామూలు పొడవు ఎం8 (8 మి.మీ. వ్యాసం) బోల్టులే. అంటే స్పేసర్ మందం మేరకు మర పట్టు తగ్గిపోతుంది. పైగా వెర్నియర్‌తో అంచు చుట్టూ కొలిస్తే స్పేసర్ మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. జాయింటుకు ఆరేసి బోల్టులు ఫ్లాంజిని గట్టిగా అదిమి పట్టినప్పుడు పుట్టే రాపిడే టార్కును (తిప్పే బలాన్ని) మోస్తుంది. ముఖాలు సమంగా కూర్చోకపోతే బోల్టులు వదులై, తెగి, వేగంలో ఉండగా ఊడిన షాఫ్టు చుట్టుపక్కల ఉన్న బ్రేకు పైపులను సైతం కొట్టేయగలదు.

వాపసు అడిగితే, బూటు విప్పిన సరుకును వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు అన్నారు. విప్పకుండా లోపల ఏముందో తెలిసే మార్గమేమిటో వారే చెప్పాలి. కార్డు కంపెనీకి ఫిర్యాదు చేశాను, అది ఇంకా తేలలేదు.

ఇటువంటివి కొనదలచినవారు గ్రీజు తుడిచిన గాడుల ఫొటోలను, రెండు ముఖాలూ కనిపించేలా, డబ్బు కట్టకముందే అడగండి. స్పేసర్ మందం, బోల్టు పొడవు, బోల్టు తల మీద ఉన్న గ్రేడు (బలాన్ని తెలిపే అంకె) రాతపూర్వకంగా తెప్పించుకోండి. బిగించాక స్ప్రింగు తీసి, సస్పెన్షన్‌ను పూర్తిగా పైకీ కిందికీ కదుపుతూ, ప్రతి స్థితిలోనూ షాఫ్టు తన పొడవు దిశలో చేతికి కాస్తయినా ఆడుతోందో లేదో చూడండి. ఎక్కడైనా బిగుసుకుంటే ఆ స్పేసర్ మీ కారుకు మందం ఎక్కువైనట్టే, దానితో ట్రాక్ మీదకు వెళ్లకండి.