"ఫ్యామిలీ కామెడీ" అని అమ్ముతున్న ఆ కొరియన్ డిస్క్ జోలికి పోకండి

ముందు అసలు విషయం. 2003 నాటి కొరియన్ సినిమా 'సేవ్ ద గ్రీన్ ప్లానెట్' డిస్క్ ఒకటి ఒక షాపింగ్ యాప్‌లో దొరుకుతోంది. నేను 1,850 రూపాయలకు కొన్నాను. ఆకుపచ్చ కవరు, పైన "ఒరిజినల్ ఇంపోర్టెడ్", కింద "ఫ్యామిలీ సైన్స్ ఫిక్షన్ కామెడీ" అని ఉంటుంది. కొనకండి. అది ఒరిజినల్ కాదు, ఫ్యామిలీతో కూర్చుని చూసేదీ కాదు. కామెడీ అన్నది మాత్రం సగం నిజం. ఆ సగం నిజమే మా కొంప ముంచింది.

రీమేక్ చూసే ముందు మాతృక చూసి తీరాలన్న పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. 2025లో యోర్గోస్ లాంతిమోస్ తీసిన 'బుగోనియా' ఈ సినిమాకే రీమేక్ అని తెలిసి, అది చూడకుండా ఆపుకుని దీని కోసం వెతికాను. కథ గురించి ముందే చదివితే మజా పోతుందని ఏమీ చదవలేదు. అమ్మేవాడు రాసిన నాలుగు ముక్కలే నమ్మాను. ఏలియన్లు, పిచ్చి కుర్రాడు, నవ్వులే నవ్వులు అని ఉంది. సరే, ఆదివారం అందరం చూద్దామని ఆర్డర్ పెట్టాను.

నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు. పకోడీలు కూడా వేయించుకున్నాం.

తేనెటీగలు పెంచుకునే ఒక కుర్రాడు ఒక కెమికల్ కంపెనీ యజమానిని ఎత్తుకొస్తాడు. ఆయన ఆండ్రోమెడా నుంచి వచ్చిన గ్రహాంతరవాసి అని, చంద్రగ్రహణం లోపు వాళ్ల యువరాజుని కలవకపోతే భూమి నాశనమైపోతుందని వాడి గట్టి నమ్మకం. కొండ మీద ఇంట్లో, నేలమాళిగలో కట్టేసి ముందు గుండు గీసేస్తాడు. జుట్టు ద్వారానే వాళ్ల గ్రహానికి సమాచారం వెళ్తుందట. అక్కడ మా అత్తగారు పకపకా నవ్వారు. "ఏ కొండ మొక్కు అల్లుడుగారూ ఇది?" అన్నారు. పిల్లలు కూడా పడీపడీ నవ్వారు.

తర్వాత వాడు ఆ పెద్దాయన పాదాలు తోలు ఊడేలా రుద్ది, దాని మీద మండే మందు పూస్తాడు. నవ్వులు టక్కున ఆగిపోయాయి. మా చిన్నది వాళ్లమ్మ కొంగులో తల దూర్చేసింది. అత్తగారు పకోడీల ప్లేటు కింద పెట్టి, ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆవిడ ఏమైనా అనుంటే బాగుండేది. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా సినిమా పెడదామంటే "అల్లుడుగారు తెచ్చిందా?" అని అడుగుతున్నారు.

దీనిలో సినిమా తప్పు లేదు. నవ్విస్తూ నవ్విస్తూ ఉన్నట్టుండి గొంతు పట్టుకోవడమే దాని పద్ధతి. హాస్యం, హింస, డిటెక్టివ్ కథ, సైన్స్ ఫిక్షన్, చివరికి ఒక కొడుకు కన్నీళ్లు, అన్నీ ఒకే గిన్నెలో వేసి తిప్పారు. తెలిసి చూసేవాళ్లకి అది పండగ. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పకోడీలు తింటూ చూసేవాడికి శిక్ష.

తర్వాత చదివితే తెలిసింది, నాకు జరిగిందే 2003లో కొరియా వాళ్లకీ జరిగిందని. ఏప్రిల్ 4న సినిమా విడుదలైంది. పోస్టరు, ప్రచారం చూసినవాళ్లు ఇదేదో సరదా కామెడీ అనుకుని వెళ్లారు. లోపల చిత్రహింసలు చూసి బిత్తరపోయారు. మాట అలా పాకిపోయి, దేశం మొత్తం మీద చూసినవాళ్లు 70 వేల పైచిలుకు దగ్గరే ఆగిపోయారు. అదే నెలాఖరున వచ్చిన మరో కొరియన్ సినిమా, బోంగ్ జూన్ హో తీసిన 'మెమొరీస్ ఆఫ్ మర్డర్' చూసినవాళ్లు 50 లక్షలు దాటారు. విమర్శకులు మాత్రం దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. దర్శకుడు జాంగ్ జూన్ హ్వాన్‌కి ఇదే మొదటి పెద్ద సినిమా. ఆ ఏడాదే మాస్కో చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. కంపెనీ యజమానిగా చేసిన బేక్ యూన్ షిక్‌కి కొరియాలో సహాయ నటుడి అవార్డు వచ్చింది. ఇన్ని వచ్చినా తర్వాతి సినిమా తీయడానికి ఆ దర్శకుడికి పదేళ్లు పట్టింది. 2013లో 'హ్వాయి' వచ్చింది. అక్కడి వాళ్లు 'సేవ్ ద గ్రీన్ ప్లానెట్'ని శాపం తగిలిన కళాఖండం అంటారు. నన్నడిగితే ఆ శాపం పెట్టింది పోస్టరు వేసినవాళ్లే.

ఇప్పుడు డిస్క్ సంగతి. ఇది ఇంకా ఘోరం.

కవరు మీద బ్లూరే (డివిడి కన్నా మేలు రకం డిస్క్) గుర్తు ఉంది, లోపల ఉన్నది డివిడి. దాన్ని తిప్పి చూస్తే వంగపండు రంగులో మెరుస్తోంది. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన సినిమా డివిడి వెనక వెండి రంగులో ఉంటుంది. ఊదా రంగు ఉందంటే ఎవరో ఇంట్లో కంప్యూటర్ మీద రాసి ఇచ్చారనే లెక్క. పైన అంటించిన స్టిక్కరు ఒక మూల గోరు పెడితే లేచి వచ్చేసింది. కింద నల్ల స్కెచ్ పెన్నుతో 14 అని రాసి ఉంది. అంటే పద్నాలుగో కాపీ అన్నమాట.

ఇంకో అనుమానం నాకు ముందే రావాల్సింది. ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో చెప్పే రీజియన్ కోడ్ డిస్కులకి ఉంటుంది. కొరియా డివిడి అయితే రీజియన్ 3 ఉంటుంది, మన దేశానిది 5. బ్లూరే అయినా అక్కడిది ఎ, మనది సి. నిజంగా అక్కడి నుంచి తెచ్చిన డిస్క్ అయితే మామూలు ప్లేయర్లు మొరాయిస్తాయి. ఇదేమో మా పాత ప్లేయర్‌లో వెన్నలా ఆడేసింది. అప్పుడు సంబరపడ్డాను, వెర్రివాణ్ణి.

ఇక సబ్‌టైటిల్స్. ఏ మెషీన్ చేతో అనువాదం చేయించినట్టున్నారు. కొరియన్‌లో చంద్రగ్రహణాన్ని 'వోల్షిక్' అంటారు. 'వోల్' అంటే చంద్రుడు, నెల కూడా. 'షిక్' అంటే ఇక్కడ గ్రహణం, ఇంకో చోట భోజనం. మా డిస్క్‌లో అది ప్రతిసారీ 'మంత్లీ మీల్' అని పడింది. మంత్లీ మీల్ లోపు యువరాజుని కలవకపోతే భూమి అంతమైపోతుందట. హాస్టల్లో మెస్ కార్డు అయిపోయినప్పుడు నాకూ అలాగే అనిపించేది కానీ, కథ నడవాల్సింది దాని మీద కాదు కదా.

అన్నిటికన్నా పెద్ద మోసం నిడివి. పిల్లల్ని నిద్రపుచ్చాక నేనొక్కణ్ణే మిగతాది చూశాను. కవరు మీద 118 నిమిషాలు అని ఉంది, గంటా ముప్ఫై ఆరు నిమిషాలకి తెర నల్లబడిపోయింది. వాడు పిచ్చివాడా, వాడు చెప్పేది నిజమా అన్న ప్రశ్న మీదే సినిమా అంతా నిలబడి ఉంటుంది. సరిగ్గా అది తేలే చోట కోసేశారు. సంక్రాంతికి వచ్చిన స్నేహితుడు అసలు డిస్క్ తెచ్చి చూపించాకే చివరి ఇరవై నిమిషాలు చూశాను. ముగింపు చెప్పను. ఆ ఇరవై నిమిషాలు లేకుండా చూస్తే మీరు చూసింది వేరే సినిమా. ఎండ్ టైటిల్స్ పక్కన ఆ కుర్రాడి పాత జ్ఞాపకాలు కనిపిస్తుంటే, మొదట్లో గుండు చూసి నవ్వినందుకు సిగ్గేసింది.

డబ్బు సంగతి. అమ్మినవాడు "సీల్ తీశారు కాబట్టి రిటర్న్ లేదు" అన్నాడు. యాప్ వాళ్లు రెండుసార్లు అదే పాట పాడారు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నకిలీ సరుకునైనా, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకునైనా వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనకూడదు. ఈ మాట రాసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని అది కూడా జత చేశాను. డిస్క్ వెనక రంగు, స్కెచ్ పెన్ను అంకె, ప్లేయర్ మీద 1:36 కనిపించేలా తీసిన ఫొటోలు పంపాను. ప్యాకెట్ విప్పుతూ వీడియో తీసి ఉంటే ఇంత తిప్పలు ఉండేవి కావు. మొత్తం మీద 26 రోజులకి 1,850 వెనక్కి వచ్చింది. డెలివరీ చార్జీ 60 మాత్రం గోవిందా.

ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు ఉంటే, బయల్దేరక ముందే క్యాన్సిల్ చేసుకోండి. వచ్చేసి ఉంటే ముందు వెనక్కి తిప్పి రంగు చూడండి, ప్లేయర్‌లో పెట్టి మొత్తం నిడివి చూడండి. పిల్లల్ని పిలవకండి.

నిన్న రాత్రి మళ్లీ వెతికి చూశాను. అమ్మేవాడి పేరు మారింది. ఫొటో అదే, కవర్ మీద కామెడీ స్పెల్లింగ్‌లో డి, ఇ తారుమారైన తప్పు కూడా అలాగే ఉంది. ధర ఇప్పుడు 1,999.