శుభలేఖా, వాట్సాప్ కార్డా, ఇంటికెళ్లి పిలవడమా: ఏది మేలు?

మా అక్క కూతురి పెళ్లయిన ఆదివారం మధ్యాహ్నం రెండింటికి బాపట్ల మావయ్య ఫోన్ చేశాడు. "ఏరా, మండపంలో ఎవరూ లేరేంటి? షామియానా వాళ్లు కుర్చీలు సర్దుకుంటున్నారు" అన్నాడు. పక్కనుంచి అత్తయ్య గొంతు కూడా వినిపిస్తోంది, ఇంత ఎండలో పట్టుచీర కట్టుకొచ్చానని. అప్పటికి పెళ్లయి దాదాపు పన్నెండు గంటలు. ముహూర్తం శనివారం రాత్రి 2.41కి.

తప్పు మావయ్యది కాదు. అచ్చు వేయించిన శుభలేఖలో "శనివారం రాత్రి 2.41 గం.లకు (తెల్లవారితే ఆదివారం)" అని సరిగ్గానే ఉంది. కానీ ఆయనకు వెళ్లింది వాట్సాప్ కార్డు. దాన్ని తయారుచేసిన కుర్రాడు గడియారం లెక్కన "ఆదివారం 2:41 ఏఎం" అని పెట్టాడు. ఆ చివరి రెండక్షరాలు బంగారు రంగు పూలతీగలో కలిసిపోయాయి. మన పంచాంగానికి సూర్యోదయంతో రోజు మారుతుంది, గడియారానికి అర్ధరాత్రితో. ఈ రెంటి మధ్యా పడే ముహూర్తాలకు "తెల్లవారితే" అనే ఒక్క మాటే కాపలా. అది తీసేశాక మావయ్య వచ్చిన టైముకు ఆయన లెక్క ఆయనకు సరైనదే.

ఆ పెళ్లికి పిలుపుల పని నాదే. "నీకు తెలుగు బాగా వచ్చుగా" అని అంటగట్టారు. కాబట్టి ఏది ఎక్కడ పనికొస్తుందో కాస్త దెబ్బలు తినే తెలుసుకున్నాను.

ముందు శుభలేఖ సంగతి. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో 400 కార్డులు వేయించాం, కవరుతో కలిపి ఒక్కోటి 32 రూపాయలు పడింది. సగం కార్డులు ఎవరింట్లోనూ నెల తిరక్కుండా పాత పేపర్లలోకి వెళ్తాయని నాకూ తెలుసు. అయినా కార్డు చేసే పని ఒకటుంది, అది ఇంకేదీ చేయలేదు. అక్క ఆ కట్ట ముందేసుకుని కూర్చుని ఒక్కో కార్డుకీ నాలుగు మూలలా పసుపు రాసింది. మొదటిది దేవుడి గదిలో పెట్టింది, ఇంకొకటి తిరుమల శ్రీవారి పేరున టీటీడీకి పోస్టు చేసింది. కొన్నాళ్లకు అక్కణ్నుంచి కుంకుమ, తలంబ్రాలు వచ్చాయి. "ఆయన జవాబిచ్చాడు, ఇంక మీ బావగారి తమ్ముడే ఇవ్వాలి" అని నవ్వింది. పీడీఎఫ్‌కి పసుపు ఎలా రాస్తాం? ఈ మధ్య డిజైన్లలో మూలలకు పసుపు చుక్కలు ముందే వేసి ఇస్తున్నారు. ఉప్మాకి ఫొటోలో జీడిపప్పు వేసినట్టుంటుంది నాకు.

కార్డుతో వచ్చే తలనొప్పులు వేరు. నేను ఫోన్‌లో చక్కగా టైప్ చేసి పంపిన మ్యాటర్‌ని ప్రెస్సులో నేరుగా అతికించుకోలేరు. తెలుగు డీటీపీలో ఇప్పటికీ చాలాచోట్ల నడిచేది "అను" అనే ఫాంట్లే, మన ఫోన్లలో ఉండేది యూనికోడ్, అక్షరాలను దాచుకునే పద్ధతి రెంటికీ వేరు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అతికిస్తే అక్షరాలు ముక్కలవుతాయి. అందుకని ఆపరేటర్ మళ్లీ మొత్తం కొడతాడు, అక్కడే తప్పులు పుడతాయి. మా ప్రూఫులో "జ్యేష్ఠ పుత్రిక" కాస్తా "జేష్ట పుత్రిక" అయింది, వియ్యంకుడి ఇంటిపేరులో దీర్ఘం పోయింది. తెలుగు మాత్రమే చూసి సంతకం పెట్టేయకండి. కార్డు మీదున్న ఫోన్ నంబరును ప్రూఫు చూస్తూ ఒకసారి డయల్ చేయండి. మా బావగారి నంబరులో 6 ఉండాల్సిన చోట 9 పడిందని అలాగే తెలిసింది. అవతల ఎవరో పెద్దాయన ఎత్తి, విషయం విని, "పర్లేదు బాబూ, శుభం" అన్నాడు.

ఇక "బంధుమిత్రుల అభినందనలతో" కింద పేర్లు. అది శుభలేఖ కాదు, రాయబారం. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక, ఎవరి పేరు పక్కన "దంపతులు" అని పడింది, ఎవరికి పడలేదు, అన్నీ లెక్కే. రెండు రోజులు ఆ నాలుగు వరుసల మీదే ఇంట్లో టెన్షన్. చివరికి పేర్లన్నీ తీసేసి "బంధుమిత్రులు" అని ఒక్క మాట ఉంచాం. అందరికీ సమానంగా కోపం వచ్చింది, అదే నయం.

వాట్సాప్ కార్డుకి ఈ గొడవ లేదు, ఖర్చు దాదాపు లేదు, డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుక్కి క్షణంలో చేరుతుంది. మండపం లొకేషన్ కింద పెట్టొచ్చు. కార్డు మీద "బస్టాండు వెనక, వాటర్ ట్యాంకు పక్క సందు" అని రాయడంకన్నా ఇది వంద రెట్లు మేలు. వేళ మారితే మళ్లీ చెప్పొచ్చు. ఇంతవరకూ దానికి తిరుగులేదు.

కానీ పంపితే చేరిందనుకోవడం పొరపాటు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకేసారి 256 మందికి పెట్టొచ్చు, నిజమే. కానీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. మా లిస్టులో ఉన్న మేనత్త వాళ్లింటికి అలా అందనే లేదు, ఆవిడ ఫోన్‌లో నేను ఇప్పటికీ పాత నంబరుతోనే ఉన్నాను. ఒక్కొక్కరికీ ఫార్వర్డ్ చేద్దామంటే ఒకసారికి అయిదుగురే. పైగా వేరేవాళ్లు పంపిన కార్డుని మనం తిప్పి పంపితే నెత్తిన "ఫార్వర్డెడ్" అని చిన్న ముద్ర పడుతుంది. పెళ్లి పిలుపు మీద ఆ ముద్ర చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? గ్యాలరీలో సేవ్ చేసుకుని, పేరు పెట్టి పిలుస్తూ రెండు ముక్కలు రాసి కొత్తగా పంపితే ఆ ముద్ర ఉండదు. నిమిషం పని.

గ్రూపులో పెట్టేయడం అన్నిటికన్నా అన్యాయం. 120 మంది ఉన్న గ్రూపులో కార్డు పడగానే నలభై దండాల బొమ్మలు వస్తాయి, ఇరవై "కంగ్రాట్స్" వస్తాయి, పెళ్లికి నలుగురొస్తారు. మిగతావాళ్లని అడిగితే "మమ్మల్ని పిలవలేదుగా" అంటారు. పిలవని పేరంటానికి ఎలా వస్తామని వాళ్ల ఉద్దేశం, అందులో తప్పేం లేదు.

ఇంకో సంగతి. 2024 నవంబరులో హిమాచల్ ప్రదేశ్ సైబర్ పోలీసులు పెళ్లి కార్డు పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్ల గురించి హెచ్చరించారు. నొక్కితే ఫోన్‌లో దొంగ యాప్ దిగుతుంది. అప్పట్నుంచి తెలియని నంబరు నుంచి కార్డొస్తే చాలామంది తెరవడం లేదు, తెరవకపోవడమే మంచిది కూడా. అందుకని నేను ఫొటోగానే పంపుతాను. ఏ ఫైలూ, ఏ లింకూ ఉండదు. ముహూర్తం, చోటు, భోజనం వేళ మెసేజిలోనే మామూలు అక్షరాల్లో మళ్లీ రాస్తాను, కళ్లజోడు వెతుక్కునేవాళ్లకి కూడా పనికొస్తుంది.

మూడోది, ఇంటికెళ్లి బొట్టుపెట్టి పిలవడం. మర్యాదలో దీన్ని కొట్టేది లేదు, కష్టంలో కూడా. కుంకుమ భరిణె పట్టుకుని అక్కా వదినా బయల్దేరితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొమ్మిదిళ్లు అయ్యాయి. ప్రతి ఇంట్లో కాఫీ. ఏడో ఇంట్లో వద్దంటే "మా ఇంట్లో తాగరా?" అని నిష్ఠూరం. ఊళ్లో అయితే అందరూ నాలుగు వీధుల్లోనే ఉండేవాళ్లు కాబట్టి సాగింది. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా విసిరేసినట్టున్న చుట్టాలని బొట్టుపెట్టి పిలవాలంటే ఉద్యోగానికి సెలవు పెట్టాలి.

మధ్యేమార్గం ఫోను. అందులోనూ "కార్డు పెట్టాను, చూశారా?" అనేది పిలుపు కాదు, వాకబు. మా నాన్న పద్ధతి వేరుగా ఉండేది. ప్రతి ఒక్కరికీ ఒక పని చెప్పేవాడు. "అన్నయ్యా, స్నాతకానికి నువ్వుండాలి, శుక్రవారం సాయంత్రానికే వచ్చేయి." "చెల్లెమ్మా, గౌరీపూజ దగ్గర మీ వదినకి చేతకాదు, నువ్వు చూసుకోవాలి." పని చెప్తే మనిషి రాకుండా ఉండడు. నేనూ అదే చేశాను. పని చెప్పిన పద్దెనిమిది మందిలో ఒక్కరే రాలేదు, ఆయనకు ఆ వారమే కాలు విరిగింది.

రాతలో కూడా ఇదే తేడా. "తామెల్లరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి మమ్మానందింపజేయ ప్రార్థన" అనే వాక్యం కార్డు మీద నాకిష్టం. ఎవరూ చదవరు, కానీ అది లేకపోతే కార్డు గోడ క్యాలెండర్‌లా ఉంటుంది. అదే వాక్యం వాట్సాప్‌లో పెడితే పని జరగదు. అక్కడ ఇలా రాస్తే సరిపోతుంది: "శనివారం రాత్రి 7.30 నుంచి భోజనాలు. ముహూర్తం అదే రాత్రి 2.41కి, అంటే తెల్లవారితే ఆదివారం. ఉండిపోయేవాళ్లకి గదులున్నాయి, ఎంతమందో శుక్రవారంలోపు చెప్పండి." రాత్రి ముహూర్తాలకు నూటికి ఎనభై మంది భోంచేసి, అక్షింతలు ముందే ఇచ్చేసి, ఆఖరి బస్సు అందుకునేవాళ్లేనని నా లెక్క. వాళ్లకు కావాల్సింది ఆ మొదటి వాక్యం, కార్డులో అదే అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివింపులు వద్దనుకుంటే అది మాత్రం అచ్చులో కన్నా నోటితో చెప్పడమే బాగుంటుంది, అచ్చులో చూస్తే కొందరికి డబ్బున్నవాళ్ల గొప్పలా తోస్తుంది.

చావు కబురు దగ్గర మాత్రం లెక్క తలకిందులు. అక్కడ వాట్సాపే మేలు, ఎందుకంటే గంటల్లో అందాలి. దగ్గరవాళ్లకి ఫోను, మిగతా అందరికీ మెసేజి. ఎవరు, ఎప్పుడు పోయారు, అంత్యక్రియలు ఎక్కడ, ఎన్నింటికి, ఇంతే. కింద పెట్టే నంబరు ఇంట్లో ఏడుస్తున్నవాళ్లది కాకుండా ఏ మేనల్లుడిదో ఉండాలి. మా నాన్న పోయినప్పుడు కంగారులో అమ్మ నంబరే వెళ్లింది. రెండు రోజులు ఆవిడ చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది, దారి చెప్పమని. పెద్దకర్మకు కార్డు వేయిస్తే పసుపు ఉండదు, "ఆహ్వానం" అన్న మాటా ఉండదు. చదివాక చాలామంది ఇంట్లో ఉంచుకోరు కూడా. వెళ్తూ "వెళ్లొస్తాను" అనని ఇంటికి "రండి" అని రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది, ఆగాలి.

మొన్న మేనల్లుడి పెళ్లికి 150 కార్డులే వేయించాం. పెద్దవాళ్లకీ, వియ్యాలవారికీ, దేవుడికీ. అందరికీ ఫోన్ చేశాకే వాట్సాప్ పంపాం. బాపట్ల మావయ్యకి మాత్రం కార్డు పట్టుకుని నేనే వెళ్లాను. ఆయన తిప్పి కూడా చూడకుండా బల్ల మీద పెట్టి అడిగాడు:

"అది సరేరా, ఇంతకీ పగలా, రాత్రా?"