వేరియంట్ పేరు చూసి ఆఫ్‌రోడ్ వాహనం బుక్ చేయకండి: కొనబోయేవారికి ఒక హెచ్చరిక

ఆఫ్‌రోడ్ వాహనం కొనే ఆలోచనలో ఉన్నవారు, ముఖ్యంగా మధ్య వేరియంట్ తీసుకోవాలా, టాప్ వేరియంట్ తీసుకోవాలా అని తేల్చుకోలేకపోతున్నవారు, డబ్బు కట్టే ముందు ఇది పూర్తిగా చదవాలని కోరుతున్నాను. బ్రోచర్‌లో చూసిన వాహనం, టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చిన వాహనం, చివరకు మన చేతికి వచ్చిన వాహనం పేరుకు ఒకటే అయినప్పటికీ, దారి లేని చోట మూడూ ఒకేలా నడుస్తాయన్న హామీ ఏదీ లేదు. ఈ విషయం షోరూమ్‌లో ఎవరూ తమంతట తాము చెప్పరు.

నేను మధ్య వేరియంట్ ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. అందులో వెనుక ఇరుసుకు మెకానికల్ డిఫరెన్షియల్ లాక్, అంటే ఆ ఇరుసు మీది రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిరిగేలా బిగించే ఏర్పాటు, ఉంది. సన్‌రూఫ్, పెద్ద టచ్‌స్క్రీన్, తోలు సీట్లు నాకు అక్కరలేదు కాబట్టి టాప్ వేరియంట్‌కు అదనంగా చెల్లించవలసిన అవసరం కనిపించలేదు. సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ను సూటిగా అడిగితే, ఆయన బ్రోచర్ తెరిచి, డిఫరెన్షియల్ లాక్ అన్న వరుసలో మధ్య వేరియంట్ కింద ఉన్న చుక్కను వేలితో చూపించారు. బుకింగ్ ఫారంలో మాత్రం మోడల్ పేరు, వేరియంట్ పేరు, ఇంజిన్, రంగు తప్ప మరేమీ రాయలేదు. నా వాహనం రావడానికి పట్టిన కాలంలో కంపెనీ వేరియంట్ల సరంజామాను సవరించింది. లాక్‌ను టాప్ వేరియంట్‌కు మాత్రమే పరిమితం చేసి, దాని బదులు మధ్య వేరియంట్‌కు పెద్ద అల్లాయ్ చక్రాలు, సన్‌రూఫ్, బ్రేకుల సాయంతో పనిచేసే ట్రాక్షన్ కంట్రోల్ ఇచ్చింది. వేరియంట్ పేరు మాత్రం మారలేదు. డెలివరీ రోజున ఆ ఎగ్జిక్యూటివ్ గారే చిరునవ్వుతో, “ఇది కొత్త బ్యాచ్ సార్, మీకు ఇంకా ఎక్కువ ఫీచర్లు వచ్చాయి” అన్నారు. గేర్ లివర్ పక్కన లాక్ స్విచ్ ఉండవలసిన చోట ఒక నల్లని ప్లాస్టిక్ మూత బిగించి ఉంది. అదేమిటని అడిగితే, ముందస్తు సమాచారం లేకుండా మార్పులు జరగవచ్చని బ్రోచర్ చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఉన్న వాక్యాన్ని చూపించారు.

ఒక స్విచ్ లేకపోతే ఇంత రాద్ధాంతం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఇరుసు మధ్యలో ఉండి ఇంజిన్ బలాన్ని ఎడమ, కుడి చక్రాలకు పంచే గేర్ల అమరికే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్, అంటే ఓపెన్ డిఫరెన్షియల్, ఒక ఇరుసు మీదున్న రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది. ఒక చక్రం గాలిలోకి లేచిందనుకోండి. అది ఏ అడ్డూ లేకుండా తిరుగుతుంది కనుక దానికి అందే బలం దాదాపు శూన్యం, కాబట్టి నేల మీద గట్టిగా ఆనుకుని ఉన్న రెండో చక్రానికి కూడా అంతే అందుతుంది. ఫోర్ బై ఫోర్ వేసినా ఈ లెక్క మారదు, ఎందుకంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని రెండు ఇరుసులకూ చేర్చే ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు ఇరుసునూ వెనుక ఇరుసునూ కలుపుతుందే గాని, ఒక్కో ఇరుసులోని ఎడమ, కుడి చక్రాలను కలపదు. దారికి ఏటవాలుగా ఉన్న గుంతను దాటేటప్పుడు ముందు ఎడమ చక్రం, వెనుక కుడి చక్రం ఒకేసారి పైకి లేస్తే, ఆ రెండూ గాలిలో గిరగిర తిరుగుతాయి, వాహనం మాత్రం అంగుళం కదలదు. వెనుక డిఫరెన్షియల్ లాక్ ఉంటే ఆ ఇరుసు మీది రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగి తీరాలి కనుక, నేల మీదున్న చక్రం బండిని తోస్తుంది.

బ్రేకుల సాయంతో పనిచేసే పద్ధతి వేరు. ఏ చక్రం వట్టిగా తిరుగుతోందో ఏబీఎస్ సెన్సార్ల ద్వారా గుర్తించి, ఆ చక్రానికి మాత్రమే బ్రేక్ వేస్తే, ఆ అడ్డు పుణ్యమా అని రెండో చక్రానికి బలం చేరుతుంది. ఇది పనికిరాని ఏర్పాటు అని నేను అనను. పొలం గట్లు, తడిసిన మట్టిబాటలు, అప్పుడప్పుడు ఎదురయ్యే చిన్న గుంతల వరకు చాలామందికి ఇదే సరిపోతుంది. అయితే చక్రం ముందు జారాలి, ఆ తర్వాతే ఇది మేలుకుంటుంది. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కి పట్టుకోవాలి. ఎడతెగకుండా వాడితే బ్రేకులు వేడెక్కి, వాటిని కాపాడుకోవడానికి వ్యవస్థ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. నాకు ఎదురైంది సరిగ్గా ఇదే. వానకు కోసుకుపోయిన ఎత్తుబాటలో రెండు చక్రాలు లేచిపోయి, టకటకమనే బ్రేకుల చప్పుడుతో పాటు ముక్కుకు ఘాటుగా వాసన వచ్చింది, ట్రాక్షన్ కంట్రోల్ తాత్కాలికంగా అందుబాటులో లేదని మీటర్ల మధ్య పసుపు అక్షరాలు వెలిగాయి. నా వెనుక వస్తున్న మిత్రుడి వాహనం ఇదే మోడల్, ఇదే వేరియంట్, కాకపోతే పాత బ్యాచ్. ఆయన స్విచ్ నొక్కి, యాక్సిలరేటర్ మీద పెద్దగా కాలు వేయకుండానే ఆ చోటు దాటారు, తర్వాత తాడు కట్టి నన్ను లాగారు. రెండు వాహనాల వెనుక తలుపుల మీదా ఒకే స్టిక్కర్ ఉంది.

ధర పెరిగే కొద్దీ వాహనం సత్తా కూడా పెరుగుతుందన్న నమ్మకాన్ని ముందుగా వదిలించుకోవాలి. కొన్ని మోడళ్లలో అది నిజమే. జీప్ రాంగ్లర్ జేఎల్ తరాన్ని తీసుకుంటే, స్పోర్ట్ వేరియంట్ ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లో రేంజ్ (వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే గేరు) నిష్పత్తి 2.72 ఉండగా, అంతకన్నా ఖరీదైన రూబికాన్ వేరియంట్‌లో అది 4.0. ఆరు గేర్ల మాన్యువల్ బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 5.13. దానిని ఇరుసులోని గేర్ల నిష్పత్తితోనూ లో రేంజ్ నిష్పత్తితోనూ గుణిస్తే, 4.10 ఇరుసు ఉన్న రూబికాన్‌కు సుమారు 84, 3.45 ఇరుసు ఉన్న స్పోర్ట్‌కు సుమారు 48 వస్తుంది. అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ మొదటిదానిలో 84 సార్లు, రెండోదానిలో 48 సార్లు తిరుగుతుంది. రాళ్ల మీద పాకుతూ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజిన్‌తోనే వేగాన్ని అదుపు చేయగలగడం ఈ తేడా వల్లనే. పైగా రూబికాన్‌లో ముందూ వెనుకా రెండు ఇరుసులకూ లాకులు, స్విచ్‌తో విడదీయగల ముందు స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) ఉంటాయి. ఇలాంటి చోట అదనపు ధరకు అదనపు ఇనుమే వస్తోందని ఒప్పుకోవచ్చు. టయోటా ఫోర్‌రన్నర్ ఐదో తరంలో మాత్రం లెక్క తిరగబడింది. సౌకర్యాల కోసం ఎక్కువ ధర పెట్టి కొనే లిమిటెడ్‌లో వెనుక డిఫరెన్షియల్ లాక్ లేదు, అంతకన్నా తక్కువ ధర గల టీఆర్‌డీ ఆఫ్‌రోడ్‌లో అది ఉంది. అంటే అక్కడ పై మెట్టు ఎక్కినవారు కొండ ఎక్కే సాధనాన్ని వదులుకున్నట్టే.

చక్రాల సంగతిలో కొనేవారు మరింత తేలికగా మోసపోతారు, ఎందుకంటే పెద్ద అల్లాయ్ చక్రాలు చూడటానికి నిజంగానే బాగుంటాయి. 255/70 ఆర్ 17 టైరు, 255/55 ఆర్ 20 టైరు పక్కపక్కన నిలబెడితే రెండింటి ఎత్తూ దాదాపు 789 మిల్లీమీటర్లే. కాని మొదటిదానిలో రిమ్ముకూ నేలకూ మధ్య 178 మిల్లీమీటర్ల రబ్బరు గోడ ఉంటుంది, రెండోదానిలో 140 మాత్రమే. ఇసుకలోనో రాళ్ల మీదనో గాలి తగ్గించి నడిపేటప్పుడు టైరు అడుగు సాగి నేలను ఎక్కువగా పట్టుకోవడానికి, పదునైన రాయి తగిలినప్పుడు రిమ్ము వంగకుండా ఉండటానికి ఈ గోడే ఆధారం. కంపెనీ నాకు “అదనంగా” ఇచ్చానని చెప్పుకుంటున్న పెద్ద చక్రాలు నా దృష్టిలో తీసివేతే. అలాగే స్టెప్నీ తప్పనిసరిగా చూడండి. కొన్ని వేరియంట్లలో నాలుగు చక్రాలతో సమానమైన పూర్తి సైజు స్టెప్నీ ఉంటే, మరికొన్నింటిలో తక్కువ వేగంతో తారురోడ్డు మీద ఇంటికి చేరడానికి మాత్రమే పనికివచ్చే సన్నని చక్రం పెడతారు. అటువంటి చక్రంతో రాళ్లబాటలో ముందుకు వెళ్లే ఆలోచన కూడా చేయకూడదు.

ఫుట్‌స్టెప్పులు బండి నడుము కింద వేలాడుతూ దిబ్బ మీద తగులుతాయి. సన్‌రూఫ్, మోటారు సీట్లు వంటి వాటి బరువంతా, అనుమతించిన మొత్తం బరువులోంచి మీ మనుషులకూ సామానుకూ మిగిలే వాటా నుంచే పోతుంది. ఈ రెండూ పై వేరియంట్లలోనే ఎక్కువ.

నా అభిప్రాయం ఏమిటంటే, తర్వాత బయట అమర్చుకోగలిగిన వాటికి ఇప్పుడు డబ్బు పెట్టకండి, తర్వాత అమర్చుకోలేని వాటి దగ్గర ఇప్పుడు పిసినారితనం చూపకండి. టైర్లు, అడుగున రక్షణ రేకులు, స్పీకర్లు, సీటు కవర్లు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. లో రేంజ్ లేని బండికి ట్రాన్స్‌ఫర్ కేస్ పెట్టించడం ఆచరణలో కుదిరే పని కాదు. డిఫరెన్షియల్ లాక్ బయట దొరుకుతుంది గాని, దానికి ఇరుసు విప్పాలి, వారంటీ మీద పేచీ వస్తుంది, బండి అదుపు తప్పకుండా చూసేందుకు కంపెనీ బిగించిన స్టెబిలిటీ కంట్రోల్‌తో అది పొసగకపోతే కొత్త తలనొప్పి మొదలవుతుంది. వెనుక చక్రాలతో మాత్రమే నడిచే వేరియంట్లు కూడా అదే ఒళ్లు, అదే పేరుతో అమ్ముడవుతున్నాయన్నది గుర్తుంచుకోండి.

బుక్ చేసేటప్పుడు వేరియంట్ పేరుతో సరిపెట్టుకోకుండా, మీరు ఏ భాగం కోసం ఆ వేరియంట్ ఎంచుకున్నారో దాన్ని ఫారం మీదనే రాయించి సంతకం తీసుకోండి. వెనుక మెకానికల్ డిఫరెన్షియల్ లాక్ ఉండవలెను, లో రేంజ్ గల ట్రాన్స్‌ఫర్ కేస్ ఉండవలెను, చక్రాల సైజు ఇంత, స్టెప్నీ పూర్తి సైజు, వీటిలో ఏది మారినా కట్టిన మొత్తం తిరిగి ఇవ్వవలెను అని స్పష్టంగా ఉండాలి. రాయడానికి షోరూమ్ వారు వెనకాడితే, ఆ వెనకాడటమే మీకు కావలసిన సమాధానం. టెస్ట్ డ్రైవ్ వాహనం సాధారణంగా టాప్ వేరియంటే ఉంటుంది కనుక, మీరు కొనే వేరియంట్‌నే తెప్పించమని పట్టుబట్టండి. యజమాని పుస్తకంలో ఉంది కాబట్టి బండిలో ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పుస్తకం అన్ని వేరియంట్లకూ కలిపి అచ్చువేసినది. “ఈ సదుపాయం ఉన్న వాహనాలకు మాత్రమే” అన్న మాట అందులో పేజీ పేజీకీ కనిపిస్తుంది.

చివరి చెల్లింపు, రిజిస్ట్రేషన్ కాకముందే స్టాక్‌యార్డ్‌లో బండిని మీరే పరీక్షించండి. ఛాసిస్ నంబరు, తయారైన నెల ముందుగా రాసుకోండి, ఎందుకంటే బ్యాచ్ మారిందో లేదో తేలేది అక్కడే. ఇగ్నిషన్ ఆన్ చేయగానే హెచ్చరిక దీపాలు ఒక్క క్షణం వెలుగుతాయి, లాక్ ఉన్న చాలా బండ్లలో దాని గుర్తు కూడా వాటితో పాటు వెలిగి ఆరుతుంది. వాహనం ఆపి, న్యూట్రల్‌లో ఉంచి లో రేంజ్‌లోకి మార్చి చూడండి. వీలైతే మట్టినేల మీద లాక్ వేసి నేరుగా కొద్ది గజాలు నడపండి, దీపం మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలుగుతుంది. గట్టి సిమెంటు నేల మీద లాక్ వేసి మలుపు తిప్పవద్దు, ఇరుసు మీద అనవసరమైన ఒత్తిడి పడుతుంది. స్విచ్‌తో పనిచేసే లాక్ అయితే, వంగి వెనుక ఇరుసు మధ్యనున్న గుండ్రటి భాగాన్ని చూసినప్పుడు దానిలోకి వెళ్లే విద్యుత్ తీగ గాని గాలి గొట్టం గాని కనిపించాలి. స్విచ్ లేకుండా తనంతట తానే పడే లాకులు కొన్ని ఉన్నాయి, వాటికి బయట ఏ గుర్తూ ఉండదు కాబట్టి ఆ ఛాసిస్ నంబరుకు సంబంధించిన సరంజామా జాబితాను కంపెనీ నుంచే రాతపూర్వకంగా అడగాలి.

నా ఫిర్యాదుకు షోరూమ్ వారు మొదట ఫ్లోర్ మ్యాట్లు, బానెట్ స్టిక్కర్లు ఉచితంగా ఇస్తామన్నారు. తిరస్కరించాక, వాడిన బండి లెక్కన నా వాహనాన్ని వెనక్కి తీసుకుని, తేడా కట్టించుకుని టాప్ వేరియంట్ ఇస్తామని చెప్పారు. అదీ ఒప్పుకోలేదు. బ్రోచర్ పాత ప్రతి, బుకింగ్ రసీదు, మూత బిగించిన స్విచ్ స్థానం ఫొటో జతచేసి కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాను, జవాబు ఇంకా రాలేదు. ఇప్పటికే బుక్ చేసి బండి కోసం ఎదురుచూస్తున్నవారు మీ దగ్గరున్న బ్రోచర్‌ను పారేయకండి. దాని మీద ముద్రించిన నెలను చూసుకుని, మీకు కేటాయించబోయే బ్యాచ్‌లో ఆ జాబితాలోని ప్రతి అంశమూ ఉందో లేదో ఈరోజే షోరూమ్‌కు ఈమెయిల్ రాసి అడగండి. ఫోన్‌లో ఇచ్చిన హామీ తర్వాత ఎవరికీ గుర్తుండదు.