జంట క్వాంటం డాట్లకు మాస్టర్ ఈక్వేషనా, గ్రీన్స్ ఫంక్షనా?

ప్రాజెక్టు మొదలుపెట్టే ఎమ్మెస్సీ పిల్లలు ఏటా అడిగే ప్రశ్నే ఇది. "సార్, రెండు డాట్లు, రెండు లీడ్లు. కరెంట్ దేనితో లెక్కకట్టమంటారు?" డాట్ అంటే కొద్ది ఎలక్ట్రాన్లను బంధించే అతిచిన్న అర్ధవాహక గది; లీడ్ అంటే దానికి కరెంట్ తెచ్చే, తీసుకుపోయే తీగ. మాస్టర్ ఈక్వేషన్ డాట్లలోని ఎలక్ట్రాన్ స్థితుల సంభావ్యతలు కాలంతో ఎలా మారతాయో చెబుతుంది; గ్రీన్స్ ఫంక్షన్ ఎలక్ట్రాన్ తరంగం ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా చేరుతుందో చెబుతుంది. ఈమధ్య నా సొంత లెక్కకూ ఇదే తేల్చుకోవాల్సొచ్చింది కాబట్టి, ఒకసారి రాసి పెట్టేస్తున్నాను.

"వ్యతికరణం (తరంగాలు కలిసి బలపడటం, చెరిగిపోవడం) కావాలంటే గ్రీన్స్ ఫంక్షన్, వద్దనుకుంటే మాస్టర్ ఈక్వేషన్" అని సీనియర్లు చెప్పే మాట సగమే నిజం.

ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ లేదనుకుంటే గ్రీన్స్ ఫంక్షన్‌కు తిరుగులేదు. జవాబు కచ్చితం, ఉజ్జాయింపు ఏమీ ఉండదు. ఒక డాట్ దారిలో ఉండి, రెండోది పక్కన వేలాడుతోందనుకోండి. పక్క డాట్ శక్తి దగ్గర ట్రాన్స్‌మిషన్ (ఎలక్ట్రాన్ అవతలికి చేరే సంభావ్యత) సరిగ్గా సున్నా అవుతుంది: నేరుగా పోయే తరంగాన్ని, పక్క డాట్‌లోకి వెళ్లి తిరిగొచ్చిన తరంగం చెరిపేస్తుంది. క్వాంట్ (Kwant) అనే పైథాన్ ప్యాకేజీతో ఈ గ్రాఫ్ సాయంత్రానికల్లా గీసెయ్యొచ్చు. చిక్కు వికర్షణతోనే. మెయిర్, విన్‌గ్రీన్ 1992లో ఇచ్చిన కరెంట్ సూత్రం వికర్షణ ఉన్నా చెల్లుతుంది గానీ, అందులో పెట్టాల్సిన గ్రీన్స్ ఫంక్షన్‌ను మనమే ఎలాగోలా సంపాదించుకోవాలి. సగటు క్షేత్రంతో, అంటే ఒక్కో ఎలక్ట్రాన్‌పై మిగతావాటి వికర్షణను సగటుగా తీసుకుని సరిపెట్టుకుంటే, కూలాంబ్ బ్లాకేడ్ (లోపలున్న ఎలక్ట్రాన్ వికర్షణతో ఇంకోదాన్ని రానివ్వకపోవడం) సరిగ్గా రాదు. పైగా ఒక్కోసారి ఒకే వోల్టేజికి రెండు జవాబులొస్తాయి. గాలియం ఆర్సెనైడ్ డాట్లలో చార్జింగ్ శక్తి (ఇంకో ఎలక్ట్రాన్‌ను చేర్చడానికి వికర్షణ వల్ల అయ్యే ఖర్చు) 1 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్ట్ స్థాయిలో ఉంటుంది. లీడ్‌తో కప్లింగ్, అంటే గామా, సాధారణంగా అందులో వందో వంతో, ఇంకా తక్కువో. అంత పెద్ద వికర్షణను సగటుతో సరిపెడితే ఎలా?

మాస్టర్ ఈక్వేషన్‌లో వికర్షణను పూర్తిగా ఉంచుకోవచ్చు. బదులుగా గామా ఉష్ణశక్తి కంటే బాగా చిన్నదిగా ఉండాలి, లేదా బయాస్ (రెండు లీడ్ల మధ్య వోల్టేజి) చాలా ఎక్కువ ఉండాలి. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. అసలు తేడా డెన్సిటీ మ్యాట్రిక్స్‌లోని ఆఫ్-డయాగనల్ పదాల దగ్గరుంది. ఆ మ్యాట్రిక్స్ వికర్ణంలో స్థితుల సంభావ్యతలుంటాయి; వికర్ణం బయటి ఆఫ్-డయాగనల్ పదాలు ఆ స్థితుల మధ్య క్వాంటం పొందికను మోస్తాయి. వ్యతికరణం దాక్కునేది అక్కడే.

వరుసగా రెండు డాట్లు, సమాన శక్తులు, రెండు వైపులా అదే గామా, పెద్ద బయాస్, మొత్తంమీద ఒకేసారి ఒక్క ఎలక్ట్రానే పట్టేంత వికర్షణ. స్పిన్‌ను పక్కన పెడదాం. ఎలక్ట్రాన్ రెండు డాట్లలోనూ పరుచుకుని ఉండే బాండింగ్, యాంటీబాండింగ్ స్థితుల్లోకి మారి, వాటి సంభావ్యతలకే రేట్ ఈక్వేషన్ రాస్తే కరెంట్ 0.33 గామా వస్తుంది (ఎలక్ట్రాన్ చార్జి, తగ్గించిన ప్లాంక్ స్థిరాంకం రెండూ 1గా తీసుకుని). డాట్ల మధ్య టన్నెలింగ్ ఎంతైనా అంతే! దాన్ని దాదాపు సున్నాకు తెచ్చినా కరెంట్ తగ్గదు. తెగిన వంతెన మీద బస్సులు నడిచినట్టు. ఆఫ్-డయాగనల్స్ ఉంచితే, టన్నెలింగ్ గామాలో పదో వంతైనప్పుడు కరెంట్ 0.036 గామా, వందో వంతైతే సుమారు 0.0004 గామా. మొదటిదాంట్లో తొమ్మిది రెట్ల తప్పు, రెండోదాంట్లో ఎనిమిది వందల రెట్లు పైనే. ఈ సరైన సూత్రాన్ని స్టూఫ్, నజరోవ్ 1996లోనే రాశారు. నేను మాత్రం ఒకప్పుడు ఆ కదలని గీతను చూసి, తప్పు కోడ్‌లో ఉందనుకుని రెండు రోజులు వెతికాను.

అందుకే నేను ముందు చూసేది టన్నెలింగ్‌కూ గామాకూ ఉన్న నిష్పత్తినే. టన్నెలింగ్ బాగా పెద్దదైతే రేట్ ఈక్వేషన్ చాలు. గామాతో సమానమో తక్కువో అయితే ఆఫ్-డయాగనల్స్ వదలకూడదు. ఆఫ్-డయాగనల్స్ ఉన్న మాస్టర్ ఈక్వేషన్‌ను సాధారణంగా రెడ్‌ఫీల్డ్, లిండ్‌బ్లాడ్ అనే రెండు రూపాల్లో రాస్తారు. రెడ్‌ఫీల్డ్ రూపంలో ఒక్కోసారి సంభావ్యతలు రుణాత్మకమవుతాయి; లిండ్‌బ్లాడ్ రూపానికి ఆ గొడవ లేదు.

పక్క డాట్ తెచ్చే ఆ సున్నా గుంట సంగతి వేరు. గామా మొదటి ఘాతం వరకే ఉంచుకునే మాస్టర్ ఈక్వేషన్‌కు అది అందదు. అయితే 100 మిల్లీకెల్విన్ దగ్గర కూడా ఉష్ణశక్తి వల్ల కండక్టెన్స్ సుమారు 30 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల వెడల్పున అలుక్కుపోతుంది. గుంట అంతకంటే ఇరుకైతే ప్రయోగంలోనూ కనబడదు. వెడల్పైనదైతే గ్రీన్స్ ఫంక్షనే పట్టండి.

విల్సన్ న్యూమరికల్ రీనార్మలైజేషన్ లాంటి భారీ సంఖ్యా పద్ధతులు కొండో ఎఫెక్ట్ (తక్కువ ఉష్ణోగ్రతలో లీడ్ ఎలక్ట్రాన్లు డాట్ స్పిన్‌ను కప్పేయడం) జోలికి వెళ్తేనే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

నా లెక్కలో వికర్షణ పెద్దది, టన్నెలింగ్ గామాకు దగ్గర. ఆఫ్-డయాగనల్స్ ఉన్న మాస్టర్ ఈక్వేషనే ఎంచుకున్నాను. రాయగానే వికర్షణను సున్నా చేసి, బయాస్‌ను బాగా పెంచి గ్రీన్స్ ఫంక్షన్‌తో పోల్చాను. అక్కడ రెండూ ఒకే కరెంట్ ఇవ్వాలి. మొదటిసారి ఇవ్వలేదు, ఒక గామా బై 2 మర్చిపోయాను.