పెద్దల జూడో క్లాసు, ఆరు నెలల తర్వాత: మ్యాట్‌కి ఐదు స్టార్లు, ఉపన్యాసానికి ఒకటి

పదకొండేళ్లు లెక్కలు చూసిన కంపెనీ మా విభాగాన్ని ఎత్తేసిన రెండో నెలలో ఈ క్లాసులో చేరాను. నాకు 44. కరపత్రం మీద పెద్దక్షరాలతో ‘జూడోతో మనోధైర్యం’ అని ఉంది కానీ అది చూసి చేరలేదు. సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చోకుండా ఎక్కడికైనా పోవాలి, నడిచి వెళ్లే దూరంలో ఇదొక్కటే ఉంది. వారానికి మూడు రోజులు, రోజుకి గంటన్నర. ‘ఎలా ఉంది, చేరమంటావా’ అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా.

మొదటి మూడు వారాలు పడటమే పని. ఎవరూ ఎవర్నీ ఎత్తెయ్యరు, కనీసం ముట్టుకోరు. దీన్ని ఉకేమీ అంటారు. ముందు గొంతుక్కూర్చుని వెనక్కి, తర్వాత నిలబడి వెనక్కి, తర్వాత పక్కలకి, ఆఖర్న భుజం మీదుగా ముందుకి దొర్లడం. గడ్డం ఛాతీకి ఆనించి సొంత బెల్టు ముడి వంక చూడాలి, అప్పుడు తల నేలకి కొట్టుకోదు. వీపు తగిలే క్షణంలోనే చెయ్యి చాచి మొత్తంగా మ్యాట్‌ని చరచాలి. చెయ్యి వెనక్కి ఊతం పెట్టి ఆపుకోబోతే మణికట్టు పోతుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న బుద్ధి ఆపుకోవడమే కదా, దాన్ని మాన్పించడానికే ఈ మూడు వారాలు. నాకు నాలుగు పట్టింది. ‘డబ్బులు కట్టి మరీ పడుతున్నావా’ అని మా చెల్లెలు ఒకటే నవ్వు. ఐదో నెలలో బాత్రూంలో కాలు జారింది. గడ్డం దానంతటదే వంగింది, చెయ్యి టైల్స్ మీద టప్పున చరిచింది. మగ్గు పగిలింది, నాకేం కాలేదు. చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పా.

ఆ తర్వాత పట్లు మొదలయ్యాయి. అసలు క్లాసు ఇక్కడుంది.

నా జోడీ 17 ఏళ్ల కుర్రాడు, నాకంటే పాతిక కిలోలు ఎక్కువ. ‘సారీ ఆంటీ’ అంటూనే కేసా గతమే పట్టాడు. అంటే నా పక్కన చతికిలబడి, ఒక చేత్తో మెడ చుట్టేసి, నా కుడిచేతిని తన చంకలో బిగించి, బరువంతా నా పక్కటెముకల మీద పెట్టేశాడు. నిబంధనల ప్రకారం ఇలా 10 సెకన్లు అదిమిపెడితే వజా-ఆరి, అంటే సగం గెలుపు, 20 సెకన్లు పెడితే ఇప్పొన్, అంటే పూర్తి గెలుపు, ఆట అక్కడితో సరి. 20 సెకన్లు ఎంతసేపులే అనుకున్నా. మొదటి ఐదు సెకన్లలో ఖాళీగా ఉన్న చేత్తో వాడి భుజాన్ని నెట్టా, కాళ్లు తన్నుకున్నా, ఊపిరి బిగబట్టా. ఎనిమిదో సెకనుకి ఒంట్లో ఏమీ మిగల్లేదు. మిగతా పన్నెండూ గోడ గడియారం ముల్లు వంక చూస్తూ పడి ఉన్నా.

‘ఊపిరి బిగబట్టకండి ఆంటీ. నన్ను నెట్టకండి, మీవల్ల కాదు. ముందు మోచెయ్యి కిందికి లాక్కోండి’ అన్నాడు మీద కూర్చునే. ఒళ్లు మండింది. కానీ వాడన్నది నిజం. చంకలో ఇరుక్కున్న మోచెయ్యి ఒక్క అంగుళం మ్యాట్ వైపు జారితే భుజం కదులుతుంది. భుజం కదిలితే పక్కకి ఒత్తిగిల్లొచ్చు, ఒత్తిగిల్లితే బరువు తగ్గి ఊపిరాడుతుంది. అప్పుడు నడుము జరుపుకుంటూ పోయి వాడి కాలిని నా కాళ్ల మధ్య ఇరికించుకుంటే పట్టు తెగినట్టే, రిఫరీ ‘తోకెతా’ అంటాడు. ఇందులో వాణ్ణి ఎత్తి అవతల పడేసే ఘట్టం ఎక్కడా లేదు. నాకు మొదటిసారి పట్టు తెగేసరికి రెండు నెలలు గడిచాయి.

అప్పట్లో ఇంట్లోనూ నాది ఇదే వరస. పొద్దున లేస్తూనే ఉద్యోగం, ఇంటి అప్పు, పిల్లాడి ఫీజు, నా వయసు, అన్నిటినీ కలిపి ఒక్కసారే నెట్టేదాన్ని, పదకొండింటికల్లా మళ్లీ మంచమెక్కేదాన్ని. ఒక మంగళవారం నోట్‌బుక్ తీసి ‘మోచెయ్యి ఏది?’ అని రాసుకున్నా. నవ్వితే నవ్వండి. బ్యాంకుకి ఫోన్ చేసి వాయిదాల సంగతి అడగడం అని తేలింది. ఆ ఒక్క ఫోన్ చెయ్యడానికి వారం పట్టింది. గడువు పెంచి వాయిదా తగ్గించారు. తర్వాత రెండు చిన్న దుకాణాల లెక్కలు రాసే పని దొరికింది. పూర్తి ఉద్యోగం ఇంకా రాలేదు.

ఇక ఉపన్యాసం. ప్రతి శనివారం క్లాసు చివర ఇరవై నిమిషాలు సార్ జీవితం గురించి మాట్లాడతారు. బొగ్గు వజ్రమవుతుంది, సింహం దూకే ముందు రెండడుగులు వెనక్కేస్తుంది వగైరా. చెమట ఆరిపోయి వణుకు పుడుతుంటే సింహం గురించి ఎవరికి కావాలి? ఒక్కసారి మాత్రం బాగా చెప్పారు. 1882లో జిగోరో కానో ఒక గుడిలో 12 చాపలు పరుచుకుని జూడో మొదలుపెట్టాడని, ఉన్న శక్తిని వృథా చెయ్యకుండా వాడుకోవడమే ఆయన సూత్రమని. ఎనిమిదో సెకనుకే ఖాళీ అయిపోయినదాన్ని, నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? ఇంకో మంచి సంగతి చెప్పింది సార్ కాదు, ఆ కుర్రాడే. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో జూడో మొదటిసారి పెట్టారు. బరువుతో పని లేని ఓపెన్ విభాగం ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు ఆంటన్ గీసింక్, జపాన్ ఆటగాడు అకియో కమినాగాని సొంత జనం ముందు కేసా గతమేతోనే అదిమి గెలిచాడట. అప్పట్లో 30 సెకన్లు పట్టి ఉంచాలి. కమినాగా అంతటివాడికే ఊడిరాని పట్టని తెలిశాక నా మీద నాకు కొంచెం గౌరవం పెరిగింది.

సార్‌ని మెచ్చుకోవాల్సింది తట్టడం విషయంలో. జూడోలో కీలు పట్లు, అంటే కీలుని ఎదురు వంచే పట్లు, మోచేతికి మాత్రమే వేస్తారు. ఇక చాలు అనిపిస్తే ఎదుటివాళ్ల ఒంటిమీదో మ్యాట్ మీదో రెండుసార్లు తట్టాలి, వెంటనే వదిలేస్తారు. ఒకసారి అలాంటి పట్టులో నేను పౌరుషానికి పోయి తట్టకుండా ఉండిపోయా. నన్ను వదిలేసిన ఆ కంపెనీలో రెండేళ్లు ఆదివారాలు కూడా పనిచేసినదాన్ని, తట్టడం నాకెక్కడ అలవాటు? మోచెయ్యి వాచి మూడు వారాలు జుట్టు కూడా దువ్వుకోలేకపోయా. సార్ నన్ను తిట్టలేదు. మర్నాటి క్లాసులో పది నిమిషాలు అందరి చేతా ఉత్తగా తట్టించారు, పట్టు బిగియక ముందే. అప్పటినుంచీ తట్టినవాళ్లని చూసి ఎవరైనా నవ్వితే ఇరవై బస్కీలు.

లోపాలు ఉన్నాయి. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో సగం పాత కుర్చీలే. అద్దెకిచ్చే జూడో డ్రెస్సు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, సొంతది కొనుక్కోవడం మేలు. గోళ్లు కత్తిరించుకున్నారా అని మొదటి వారం చూసి తర్వాత వదిలేశారు, నా మెడ మీద గీత ఇంకా ఉంది. బరువు చూసి జోడీలు కట్టమని మూడుసార్లు అడిగా, ‘చూద్దామమ్మా’ అనడమే తప్ప చూసింది లేదు. అన్నిటికంటే పెద్ద చిక్కు మ్యాట్‌ల మధ్య సందులు. కాలి బొటనవేలు ఇరుక్కుందంటే ఆ రోజు ఆట అయిపోయినట్టే.

నేను ఇంకో మూడు నెలలకి కట్టేశాను. మీరు చేరేట్టయితే శనివారం గంటా పది నిమిషాలకే బయటపడండి, ఎవరూ ఏమీ అనరు. వచ్చేటప్పుడు వెడల్పాటి టేపు చుట్ట ఒకటి తెచ్చుకోండి. ఎడమ మూల నాలుగు మ్యాట్‌లకి నేనూ ఆ కుర్రాడూ వేశాం, కుడి మూల ఇంకా అలాగే ఉంది.