షకును అడుగు అనుకోవాలా, మీటర్లలోకి మార్చాలా?

జపాన్ పాత కొలత షకు 30.3 సెం.మీ., ఇంగ్లీషు అడుగు 30.48. తేడా 2 మి.మీ. లోపే కాబట్టి రెండు దారులున్నాయి.

శ్రమ: షకు అంటే అడుగే అనుకుంటే నోటిలెక్క చాలు. కచ్చితంగా కావాలంటే, 1891 నాటి జపాన్ చట్టం ప్రకారం షకులను 10తో గుణించి 33తో భాగిస్తే మీటర్లు వస్తాయి. వాటిని 0.3048తో భాగిస్తే అడుగులు. ఫోన్ ఉంటే అదేం పెద్ద పని కాదు.

తేడా: 6 షకులకు (ఒక కెన్) ఒక సెంటీమీటరు. 100 షకులకు దాదాపు 7 అంగుళాలు.

అసలు టెన్షన్ సున్ దగ్గర. అడుగుకు 12 అంగుళాలు, షకుకు 10 సున్‌లే. 3.03 సెం.మీ. ఉండే సున్‌ను అంగుళం అనుకుంటే కొలత ఆరో వంతు తగ్గిపోతుంది. ఇక్కడ ఉజ్జాయింపు వద్దే వద్దు. కిమోనో బట్టకైతే మరీనూ, దానికి వాడే కుజిరా షకు వేరు, 37.9 సెం.మీ.!

పాత జపాన్ కథలో గది పొడవు ఊహించుకోవాలంటే మొదటి దారే హాయి. తలుపు చేయించాలన్నా, ప్లైవుడ్ కోయించాలన్నా మీటర్ల లెక్కే వేయండి.